34 సీట్లొచ్చినా పూర్తి పగ్గాలు చేతికి రాలేదు: బ్రిస్టల్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సిటీ కౌన్సిల్, అంటే మన కార్పొరేషన్ లాంటిది, దాని ఎన్నికల ఫలితాల గురించి నాలుగు లైన్లు రాశాను. ఎప్పుడూ లేనన్ని ఉత్తరాలు, మెసేజ్‌లు వచ్చిపడ్డాయి. రాసినవాళ్లలో సగం మంది అక్కడ చదువుకుంటున్న పిల్లల అమ్మానాన్నలు. మిగతా సగానికి రాజకీయం ఉంటే చాలు, ఏ ఊరిదైనా సరే. ఆ ముక్క చదవనివాళ్ల కోసం ముందు లెక్క చెప్పేస్తాను. 2024 మే 2న ఎన్నిక, మొత్తం 70 సీట్లు. గ్రీన్ పార్టీకి 34, లేబర్‌కు 21, లిబరల్ డెమోక్రాట్లకు 8, కన్జర్వేటివ్‌లకు 7. మ్యాజిక్ ఫిగర్ 36. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఓటు కూడా వేశాను, కాబట్టి జవాబుల్లో కొంత సొంత గోల కూడా కలుస్తుంది, సర్దుకోండి.

ప్ర: గ్రీన్ పార్టీ అంటే మొక్కలు నాటే సంఘం లాంటిదేమో అనుకున్నాను. అంత పెద్ద నగరంలో మొదటి స్థానం ఎలా వచ్చిందండీ? — ఓ రిటైర్డ్ టీచర్, గుంటూరు

జ: ఒక్క రాత్రిలో రాలేదు మాస్టారూ. బ్రిస్టల్‌లో గ్రీన్ పార్టీ మొదటి కౌన్సిలర్ గెలిచింది 2006లో, సౌత్‌విల్ అనే వార్డులో. 2016లో వాళ్లకు 11 సీట్లే, లేబర్‌కు 37. 2021 వచ్చేసరికి రెండు పార్టీలకూ చెరో 24. 2023 ఫిబ్రవరిలో ఒక ఉప ఎన్నిక గెలిచి 25తో అతిపెద్ద పార్టీ అయ్యారు. ఆ తర్వాతి ఏడాది 34. ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ వచ్చారన్నమాట.

ఎందుకు పెరిగారంటే ఒక్క కారణం చెప్పలేను. ఊళ్లో రెండు యూనివర్సిటీలున్నాయి, చదువుకోవడానికి వచ్చి అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోయిన కుర్రకారు చాలామంది, వాళ్లకు సొంతిల్లు అందని ద్రాక్ష, జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోతుంది. మా తలుపు సందులోంచి గ్రీన్ పార్టీ వేసిన కరపత్రాల్లో ధ్రువపు ఎలుగుబంటి బొమ్మలు లేవు, అద్దెలు, రాని బస్సులు, మా వీధి చివర మలుపు, ఇవే ఉన్నాయి. వాతావరణం మాట ఎత్తరని కాదు. 2018 నవంబర్‌లో కౌన్సిల్ చేత వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటింపజేసిన తీర్మానం వాళ్ల కౌన్సిలర్ కార్లా డెనియర్ పెట్టిందే. ఈవిడే 2024 జూలైలో బ్రిస్టల్ సెంట్రల్ నుంచి పది వేలకు పైగా మెజారిటీతో పార్లమెంటుకు వెళ్లారు. దీనికి తోడు ఆ ఏడాది గాజా యుద్ధం మీద లేబర్ జాతీయ నాయకత్వం తీసుకున్న వైఖరి చాలా నగరాల్లో ఆ పార్టీ ఓటర్లకు మింగుడు పడలేదు, ఇక్కడా అంతే. ఇక నగర మేయర్ మీద ఉన్న గుర్రు వేరే, దాని గురించి కింద చెప్తాను.

కానీ మ్యాప్ చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. క్లిఫ్టన్, రెడ్‌ల్యాండ్, ఆష్లీ, సౌత్‌విల్, ఇలా ఊరి నడిబొడ్డు, దాని చుట్టుపక్కలంతా ఆకుపచ్చ. అంచులకు వెళ్లే కొద్దీ, కౌన్సిల్ కట్టించి అద్దెకిచ్చిన ఇళ్లు ఎక్కువగా ఉండే సౌత్‌మీడ్, ఫిల్‌వుడ్ లాంటి చోట్ల లేబర్ నిలబడింది. అంటే చదువుకున్న అద్దెదారులు ఒకవైపు, తరాలుగా కూలినాలీ చేసుకుంటున్న కుటుంబాలు ఇంకోవైపు. తమాషా ఏంటంటే ఎన్నికల తర్వాత కౌన్సిల్ లీడర్ అయిన గ్రీన్ పార్టీ మనిషి టోనీ డయ్యర్ పుట్టి పెరిగింది హార్ట్‌క్లిఫ్‌లో, అదీ ఆ అంచుల్లోని పేటే.

ప్ర: 34 వచ్చాక ఇంకో ఇద్దర్ని లాక్కోవడం ఎంత సేపు సార్? మా విశాఖలో 2025 ఏప్రిల్లో ఏం జరిగిందో చూశారుగా. — ఓ పాఠకుడు, గాజువాక

జ: చూశాను. గోడ దూకుళ్లు, క్యాంపులు, అవిశ్వాసం, మేయర్ దిగిపోవడం, అన్నీ చూశాను.

అసలు వింత చెప్పనా, బ్రిటన్‌లో ఫిరాయింపుల నిరోధక చట్టమే లేదు. కౌన్సిలర్ పొద్దున ఒక పార్టీలో లేచి సాయంత్రానికి ఇంకో పార్టీలో కూర్చున్నా పదవి పోదు. అడపాదడపా మారేవాళ్లు అక్కడా ఉంటారు. అయినా ఇక్కడ 34ను 36 చేసే ఆట ఎవరూ ఆడలేదు, అది వాళ్ల మంచితనం అని నేను సర్టిఫికెట్ ఇవ్వను, ఆ ఆటలో గెలిస్తే చేతికొచ్చేది మన దగ్గర కంటే తక్కువ. కార్పొరేటర్‌కు అక్కడ కాంట్రాక్టులు రావు, అధికారుల బదిలీలు అతని చేతిలో ఉండవు, నెలనెలా ఇచ్చేది జీతం కూడా కాదు, అలవెన్స్. చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం మీటింగ్‌కు వస్తారు.

అయితే ఆ రెండు సీట్లకు విలువ లేదనుకోకండి. 2024 ఎన్నికల నుంచి ఆ ఊళ్లో నిర్ణయాలు తీసుకునేది కౌన్సిలర్ల కమిటీలే, ఆ కమిటీల్లో సీట్లు పార్టీల బలాన్ని బట్టి పంచాలని 1989 నాటి చట్టం ఉంది. తొమ్మిది మంది కమిటీ అనుకుని లెక్క వేయండి. 70లో 34 ఉన్న పార్టీకి నలుగురు వస్తారు, అంటే ప్రతి తీర్మానానికీ బయట నుంచి ఇంకొకరి ఓటు అడుక్కోవాలి. అదే 36 ఉంటే కమిటీలో కూడా మెజారిటీ ఇచ్చి తీరాలి, అయిదుగురు. ఇద్దరు తక్కువైనందుకు గ్రీన్ పార్టీ ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరిని ఒప్పించుకుంటూ తిరగాల్సి వచ్చింది. లిబరల్ డెమోక్రాట్లతో కమిటీ అధ్యక్ష స్థానాలు పంచుకున్నది అందుకే.

ప్ర: మీ వ్యాసంలో "మేయర్ పదవి తీసేశారు" అని రాశారు. మా తమ్ముడు మాత్రం 2025లో మేయర్ ఎన్నికకు ఓటేశానంటున్నాడు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? — ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జ: ఇద్దరమూ. తప్పు మీది కాదమ్మా, ఆ ఊళ్లో మేయర్లు మూడు రకాలు.

మొదటి ఆయన లార్డ్ మేయర్. మెళ్లో గొలుసు, ఎర్ర గౌను, రిబ్బన్ కత్తిరింపులు. కౌన్సిలర్లలోనే ఒకరిని ఏడాదికోసారి ఎన్నుకుంటారు, అధికారం ఏమీ ఉండదు.

రెండో ఆయన జనం నేరుగా ఎన్నుకునే నగర మేయర్. తీసేసింది ఇదే. 2012లో రెఫరెండం పెట్టి తెచ్చుకున్నారు. మొదటి మేయర్ జార్జ్ ఫెర్గూసన్, ఏ పార్టీకీ చెందని ఆర్కిటెక్ట్, ఎప్పుడు చూసినా ఎర్ర ప్యాంటే. ఆ తర్వాత 2016 నుంచి లేబర్ తరఫున మార్విన్ రీస్. ఆఫ్రికన్, కరీబియన్ మూలాలున్న మనిషి యూరప్‌లో ఒక పెద్ద నగరానికి నేరుగా మేయర్‌గా ఎన్నిక కావడం అదే మొదటిసారి, కాబట్టి ఆయన గెలుపు చిన్నదేం కాదు. బానిసల వ్యాపారంతో సంపాదించిన కోల్‌స్టన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో జనం కూలదోసి హార్బర్ నీళ్లలో పడేసినప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆయనే.

మరి జనానికి ఆ పదవి మీద ఎందుకు విసుగొచ్చింది? ఇళ్లు కట్టించాడు, మాట సూటిగా ఉండేది అని రీస్‌ను మెచ్చుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ అరీనా కథ వినండి. స్టేషన్ పక్కన పెద్ద అరీనా, అంటే కచేరీలూ ఆటలూ జరిగే భారీ హాలు, కట్టాలని ఏళ్ల తరబడి ప్లాన్. 2018 సెప్టెంబర్‌లో కౌన్సిల్ సమావేశం పెట్టి, అన్ని పార్టీల వాళ్లూ కలిసి, అక్కడే కట్టాలని భారీ మెజారిటీతో ఓటేశారు. ఆ ఓటు మేయర్‌ను కట్టిపడేయదు, సలహా మాత్రమే. ఆయన అక్కడ కట్టం అని తేల్చేశారు. ఊరి ఉత్తర అంచున ఫిల్టన్‌లో, ఒకప్పుడు కాంకార్డ్ విమానాలు తయారైన హ్యాంగర్లలో, ఒక మలేషియా కంపెనీ కడతానన్న అరీనా వైపు మొగ్గారు. లెక్కల ప్రకారం ఆయన నిర్ణయంలో న్యాయం ఉందేమో, ఆ వాదన ఇప్పటికీ తెగదు. కానీ 70 మందిని ఎన్నుకుని, వాళ్లు ఒక మాట అంటే ఒక్క మనిషి కాదనగలిగితే ఇక ఈ 70 మంది దేనికి అనే ప్రశ్న అప్పుడు టీ కొట్టు దగ్గర, అదే, వాళ్ల పబ్బుల్లో, బాగా నలిగింది.

2022 మే 5న మళ్లీ రెఫరెండం. మేయర్ వద్దు, కమిటీలు కావాలని 59 శాతం, మేయర్ ఉండాలని 41 శాతం. ఓటు వేయడానికి వచ్చింది మాత్రం వందకు ముప్ఫై మంది కూడా కాదు. నగరాన్ని ఎవరు ఏలాలో తేల్చే ఎన్నికకు అంత తక్కువ మంది రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రెండేళ్ల గడువు తర్వాత, 2024 మే ఎన్నికలతో ఆ పదవి పోయింది. అందుకే అది మామూలు కౌన్సిల్ ఎన్నిక కాదు, ఊరి పాలన పద్ధతే మారిన ఎన్నిక.

మూడో మేయర్ ప్రాంతీయ మేయర్. బ్రిస్టల్, సౌత్ గ్లాస్టర్‌షైర్, బాత్ చుట్టుపక్కల ప్రాంతం, ఈ మూడు కౌన్సిళ్లకూ కలిపి వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ అనే ఉమ్మడి సంస్థ ఉంది, రవాణా, వయోజనుల నైపుణ్య శిక్షణ లాంటివి చూస్తుంది. మీ తమ్ముడు 2025 మేలో ఓటేసింది దానికి. లేబర్ అభ్యర్థి హెలెన్ గాడ్విన్ దాదాపు 25 శాతం ఓట్లతోనే గెలిచారు, ఓట్లు అన్ని పార్టీల మధ్య అంతగా చీలిపోయాయి.

ప్ర: జీహెచ్‌ఎంసీలో లాగా ఎమ్మెల్యేలు, ఎంపీలు వచ్చి ఎక్స్ అఫీషియో ఓట్లు వేస్తారా అక్కడ? — ఓ పాఠకుడు, సికింద్రాబాద్

జ: లేదండీ. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44 వచ్చాయి, ఎవరికీ మెజారిటీ లేదు. మేయర్ ఎన్నికలో కార్పొరేటర్ల ఓట్లకు తోడు ఎక్స్ అఫీషియో సభ్యుల ఓట్లు కూడా లెక్కలోకి వచ్చాయి. బ్రిస్టల్ కౌన్సిల్లో ఆ 70 మందికి తప్ప ఇంకెవరికీ ఓటు లేదు. ఎంపీ కావాలంటే గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు. హంగ్ వస్తే మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకటే సీను, ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్నదే వార్త.

ప్ర: మా అమ్మాయి బ్రిస్టల్లో మాస్టర్స్ చదువుతోంది. ఓటు నమోదు చేసుకోమని ఇంటికి లెటర్ వచ్చిందట. మనవాళ్లకు అక్కడ ఓటేంటి, ఏదైనా మోసమా, వీసాకు ఇబ్బంది వస్తుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది. — ఓ అమ్మ, తెనాలి

జ: మోసం కాదమ్మా, నిశ్చింతగా ఉండండి. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇంగ్లండ్‌లో చట్టబద్ధంగా నివాసం ఉంటున్న 18 ఏళ్లు నిండిన భారతీయులకు కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు ఉంది. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా అంతే. సామ్రాజ్యం పోయినా ఆ రోజుల నాటి ఈ పద్ధతి మిగిలింది. పారిస్ నుంచి వచ్చినవాడికి బ్రిటిష్ పార్లమెంటుకు ఓటు లేదు, తెనాలి నుంచి వెళ్లిన మీ అమ్మాయికి ఉంది. చెబితే అక్కడివాళ్లే నమ్మరు, నా ఆఫీసులో ఒకాయనతో పందెం కాసి కాఫీ గెలుచుకున్నాను.

ఓటేస్తే మన పౌరసత్వానికేమీ కాదు, వీసాకేమీ కాదు. పైగా ఓటర్ల జాబితాలో పేరుంటే బ్యాంకులు, ఫోన్ కంపెనీలు చిరునామా సరిచూసుకోవడానికి పనికొస్తుంది, క్రెడిట్ స్కోరుకు మంచిది. 2023 నుంచి కౌన్సిల్ ఎన్నికల్లో ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి, మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. నేను వేసింది దానితోనే. చర్చి పక్క హాల్లో పోలింగ్. టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడ నీలం పాస్‌పోర్ట్ తిప్పి చూసి, నా ఇంటిపేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి జాబితా నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించమంది.

ఒక్కటి చూసుకోమనండి. అడ్రస్‌లో బ్రిస్టల్ అని ఉన్నంత మాత్రాన ఆ కౌన్సిల్ కిందకు రారు. యూనివర్సిటీ ఆఫ్ ద వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ల ఫ్రెంచే క్యాంపస్, మన పిల్లలు ఎక్కువగా చేరేది అక్కడే, చాలావరకు సౌత్ గ్లాస్టర్‌షైర్ కౌన్సిల్ పరిధిలో ఉంది. ఫిల్టన్, స్టోక్ గిఫర్డ్, బ్రాడ్లీ స్టోక్ కూడా అంతే. ఒకప్పుడు మన ఉప్పల్ దాటాక వేరే కార్పొరేషన్‌గా బోడుప్పల్ వచ్చినట్టు, రోడ్డు అదే, కౌన్సిల్ మారిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పే ఫలితాలకూ ఆ ఇళ్లకూ సంబంధం లేదు.

ప్ర: పెన్సిల్‌తో ఓటు వేస్తారని విన్నాను. నిజమా? చెరిపేస్తేనో! — ఓ డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జ: నిజం. దారం కట్టిన పెన్సిల్ ముక్క, కాగితం, ఇంటూ గుర్తు. ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు. చెరిపేస్తారని భయముంటే సొంత పెన్ను తెచ్చుకోవచ్చు. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా పోలింగ్, గురువారం, సెలవు లేదు. ఇంకో తేడా ఏంటంటే బ్రిస్టల్లో 34 వార్డులకు 70 సీట్లు, కొన్నిట్లో ఒకరు, కొన్నిట్లో ఇద్దరు, కొన్నిట్లో ముగ్గురు కౌన్సిలర్లు. మీ వార్డుకు రెండు సీట్లుంటే మీకు రెండు ఓట్లు, రెండూ ఒకే పార్టీకి వేయొచ్చు, చెరొకటీ వేయొచ్చు, ఒకటి వేసి రెండోది వదిలేయొచ్చు. నేనైతే చెరొకటీ వేశాను. ఎవరికో అడగొద్దు.

ప్ర: కౌన్సిల్ ట్యాక్స్ అని మా వాడి దగ్గర నెలకు వందల పౌండ్లు వసూలు చేస్తున్నారు. ఇల్లు వాడిది కాదు, అద్దె. ఇంటి పన్ను ఓనర్ కదా కట్టాలి? గ్రీన్ పార్టీ వచ్చాక పెంచారా? — ఓ నాన్న, ఖమ్మం

జ: అక్కడ ఆ పన్ను కట్టాల్సింది మామూలుగా ఇంట్లో ఉండేవాళ్లే, ఓనర్ కాదు. అద్దె కుదుర్చుకునేటప్పుడు మన పిల్లలు ఇది అడగరు, తర్వాత బిల్లు చూసి గుండె పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను. ఇళ్లను 1991 ఏప్రిల్ నాటి విలువను బట్టి ఎ నుంచి హెచ్ దాకా బ్యాండ్లుగా విడగొట్టారు, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అవే బ్యాండ్లు. ముప్ఫై ఏళ్ల క్రితం పాడుబడ్డ గోడౌన్ల పేట ఇప్పుడు ఖరీదైన ఏరియా అయిపోయినా పాత బ్యాండే ఉంటుంది, అదో అన్యాయం, ఏ పార్టీ ప్రభుత్వమూ దాని జోలికి పోలేదు.

పెంపు విషయానికొస్తే కౌన్సిల్‌కు నచ్చినంత పెంచే వీలు లేదు. 2024లో అయితే దాదాపు 5 శాతం దాటితే రెఫరెండం పెట్టాలి, అందులో 2 శాతం వృద్ధుల, వికలాంగుల సంరక్షణకే. ఏ రంగు పార్టీ అయినా చాలా కౌన్సిళ్లు ఆ గీత దాకా వచ్చి ఆగుతాయి. కాబట్టి గ్రీన్ వచ్చి పెంచింది, లేబర్ ఉంటే పెంచేది కాదు అనడానికి లేదు. కౌన్సిల్ డబ్బులో పెద్ద వాటా పోయేది కూడా రోడ్లకూ చెత్తకూ కాదు, వృద్ధుల సంరక్షణకు, తల్లిదండ్రుల దగ్గర ఉండే వీలు లేని పిల్లల పోషణకు. అవి చట్టప్రకారం చేసి తీరాలి, మిగిలిన చిల్లరతో లైబ్రరీలు, పార్కులు నడపాలి. గెలిచినవాళ్లు చేయగలిగింది ఆ చిల్లరలోనే.

మీ వాడి సంగతి చెప్పండి, చదువా, ఉద్యోగమా? ఫుల్ టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి ఈ పన్ను ఉండదు, యూనివర్సిటీ లెటర్ చూపించి దరఖాస్తు చేసుకోవాలి. చదువు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉంటే మాత్రం విద్యార్థి కిందకు రాడు. నలుగురిలో ఒక్కడికే చదువు అయిపోతే బిల్లు వాడి పేరునే వస్తుంది, 25 శాతం తగ్గింపుతో. దీని మీద గదిలో గొడవలు పడి మాటలు మానేసిన స్నేహితులు నాకు తెలుసు.

ప్ర: మా అబ్బాయి అక్కడ నిలబడితే గెలుస్తాడా? డిపాజిట్ ఎంత? — ఓ పాఠకుడు, కర్నూలు

జ: గెలుస్తాడో లేదో చెప్పలేను గానీ, డిపాజిట్ సున్నా. కౌన్సిల్ ఎన్నికలకు డిపాజిట్ లేదు, ప్రతిపాదించడానికి ఒకరు, బలపరచడానికి ఒకరు, ఆ వార్డు ఓటర్లు ఇద్దరి సంతకాలు చాలు. అయితే ఓటు వేయడానికి ఏ వీసా అయినా సరిపోతుంది గానీ పోటీకి సరిపోదు, భారత పౌరుడిగా నిలబడాలంటే శాశ్వత నివాస అనుమతి ఉండాలి. ఖర్చు పరిమితి 2024లో 960 పౌండ్లు, దానిమీద ఓటరుకు 8 పెన్నీలు. పది వేల ఓటర్ల వార్డులో 1,760 పౌండ్లు. కర్నూల్లో ఆ డబ్బుతో మొదటి రోజు బిర్యానీ కూడా అవదు.

ప్ర: మనవాళ్లు ఎక్కువుండే లెస్టర్‌లో కూడా ఇలాగే జరిగిందా? — ఓ పాఠకురాలు, వరంగల్

జ: అక్కడ మనవాళ్లంటే ఎక్కువగా గుజరాతీలు, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలు. కథ వేరు. 2019లో 54 సీట్లలో 53 లేబర్‌వే. 2023 మేలో అవి 31కి పడిపోయాయి, కన్జర్వేటివ్‌లు సున్నా నుంచి 17కు లేచారు. ఎన్నికలకు ముందు లేబర్ తన సిట్టింగ్ కౌన్సిలర్లు చాలామందికి టికెట్ ఇవ్వలేదు, అది కొంత దెబ్బ. నగర మేయర్ పదవి అక్కడ అలాగే ఉంది, పీటర్ సోల్స్‌బీ మళ్లీ గెలిచారు. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇరికించను.

ప్ర: సరే గెలిచారు, ఆ తర్వాత ఏం చేశారు? ప్రతిపక్షంలో ఉన్నప్పటి మాటలు నిలబెట్టుకున్నారా? — ఓ జర్నలిజం విద్యార్థిని, తిరుపతి

జ: చెత్త దగ్గర దొరికిపోయారు. రీసైక్లింగ్ పెరగాలని, రీసైకిల్ కాని చెత్త వేసే నల్ల బిన్ను రెండు వారాలకోసారి కాకుండా మూడు వారాలకో, నాలుగు వారాలకో తీస్తే ఎలా ఉంటుందని 2025 మొదట్లో జనాన్ని అడిగారు. చంటిపిల్లల డైపర్లు నెలరోజులు ఇంట్లో పెట్టుకోమంటారా అని ఊరంతా లేచింది, నాలుగు వారాల ఆలోచన వెనక్కి పోయింది. పచ్చ పార్టీకి చెత్త మీదే మొదటి ఎదురుదెబ్బ తగలడం చూసి లేబర్ వాళ్లు పండగ చేసుకున్నారు.

రెండోది బార్టన్ హిల్. అక్కడ సందుల్లోంచి కార్లు దూసుకుపోకుండా రోడ్డుకు అడ్డంగా పెద్ద మొక్కల తొట్లు పెట్టే పథకం. మొదలుపెట్టింది పాత పాలనే, వీళ్లు కొనసాగించారు. స్థానికులు కొందరు రోడ్డు మీద కూర్చుని అడ్డుకున్నారు. చివరికి 2025 మార్చిలో తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా, పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి తొట్లు పెట్టి వెళ్లారు. పథకం మంచిదో చెడ్డదో పక్కన పెట్టండి, పొగ తగ్గాలని నాకూ ఉంది. కానీ ఒక్క మనిషి నిర్ణయాలు వద్దు, అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాం అని వచ్చినవాళ్లు చీకట్లో వచ్చి మొక్కలు పెట్టడం నాకు నచ్చలేదు. ఆ పేటలో చాలామంది సోమాలీ కుటుంబాలవాళ్లు, ట్యాక్సీ నడుపుకునేవాళ్లు, సంరక్షణ పనుల్లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, వాళ్లకు కారు సోకు కాదు.

ఇంకోవైపు చూస్తే, డబ్బుకు కటకటగా ఉన్నా పేద కుటుంబాలకు కౌన్సిల్ ట్యాక్స్ పూర్తిగా మాఫీ చేసే పద్ధతిని తీసేయలేదు. చాలా ఊళ్లలో అది ఎప్పుడో పోయింది. కమిటీ మీటింగులు నేను కొన్ని ఆన్‌లైన్‌లో చూశాను. నిద్రొస్తుంది, నిజం చెబుతున్నా. కానీ లేబర్ మనిషి లేచి పార్కింగ్ ఛార్జీల కాగితంలో తప్పు చూపిస్తే గ్రీన్ చైర్ దాన్ని అక్కడికక్కడే వెనక్కి పంపడం కూడా చూశాను. మళ్లీ ఎన్నికలు 2028లో, మొత్తం 70కీ ఒకేసారి.

ప్ర: బ్రిస్టల్ అంటే రాజా రామ్మోహన్ రాయ్ పోయిన ఊరే కదా? మా వీరేశలింగం గారి ఊరి నుంచి అడుగుతున్నాను. — ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: అదే ఊరు. 1833 సెప్టెంబర్ 27న అక్కడ జ్వరంతో పోయారు. మొదట స్టేపుల్టన్‌లో ఖననం చేశారు, పదేళ్లకు ద్వారకానాథ్ ఠాగూర్ పూనుకుని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు మార్పించి, పైన మన గుడి మండపం లాంటి ఛత్రి కట్టించారు. ఏటా సెప్టెంబర్‌లో అక్కడ స్మరణ సభ జరుగుతుంది. కాలేజ్ గ్రీన్ అనే పచ్చిక మైదానంలో ఆయన నిలువెత్తు విగ్రహం కూడా ఉంది, 1997లో పెట్టారు. ఆ మైదానానికి ఎదురుగా వంపు తిరిగి ఉన్న పెద్ద భవనమే సిటీ హాల్, ఇంతసేపూ మనం చెప్పుకున్న 70 మంది కూర్చునేది అందులోనే. మీవాళ్లెవరైనా అక్కడుంటే చూసి రమ్మనండి, శ్మశానవాటికకు టికెట్ లేదు, టెంపుల్ మీడ్స్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.